పదిహేడో పేజీ చదివినవాళ్ళు

ఆ ఆఫీసులో అతన్ని మేధావి అనేవారు. ఆ పిలుపు వెనక నవ్వుందని అందరికీ తెలుసు, అతనికి తప్ప. మేధావులకి ఇలాంటివి ఆఖరున తెలుస్తాయి.

మూడో అంతస్తులో కిటికీ పక్క బల్ల అతనిది. పని, ఆన్‌లైన్ ఆటలో పుస్తకాలు రాయడం. వేలమంది ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని ఒకే మాయలోకంలో తిరిగే ఆట అది. మామూలుగా ఇలాంటి ఆటల్లో, పని అప్పజెప్పేవాళ్ళ నెత్తిమీద ఓ గుర్తు మిలమిలా మెరుస్తుంటుంది. పరిగెత్తుకెళ్ళి నొక్కడమే. కొత్తగా వచ్చిన మేడమ్‌కి అది నచ్చలేదు. గుర్తులన్నీ పీకేయించింది. ఆ లోకంలో ఊరికో గ్రంథాలయం పెట్టించి, అక్కడి పుస్తకాలు చదివి, జాడ పట్టుకుని, చెప్పిన చోటికి వెళితేనే పని మొదలవ్వాలంది. నలభై పుస్తకాలు మేధావి నెత్తిన పెట్టింది.

"బూడిదలో పోసిన పన్నీరు," అన్నాడు మేధావి, కాఫీ కప్పుతో ఆఫీసంతా తిరుగుతూ. "పుస్తకం కనబడితే పులిని చూసినట్టు పారిపోయే జాతికి గ్రంథాలయమా? రెండో పేజీ తిప్పినవాడికి నేను దణ్ణం పెడతా."

కాబట్టి మొదటి పేజీకి బంగారు పూత పూసేవాడు. రెండో పేజీనుంచి తుక్కు. ఒక పుస్తకంలో వాషింగ్ మెషిన్ వాడే విధానం యథాతథంగా దించేశాడు. నలభయ్యో పుస్తకానికొచ్చేసరికి బద్ధకం ముదిరి, పదిహేడో పేజీలో సొంత ఇంటినే దింపేశాడు. 'దర్జీ కొట్టు పక్క సందులో చివరి ఇల్లు, పచ్చ తలుపు, పై అంతస్తు. కిటికీ దగ్గర తెల్లకాలి రాణి కూర్చుని ఉంటుంది. ఆమెను లేపి తీసుకెళ్ళాలి.'

తెల్లకాలి రాణి ఎవరో కాదు, వాళ్ళక్క. బాత్‌రూములో జారిపడి, మోకాలిదాకా కట్టు కట్టించుకుని, మూడు వారాలుగా కుర్చీలోంచే రాజ్యమేలుతోంది. ఒరేయ్ మంచినీళ్ళు, ఒరేయ్ ఫ్యాను, ఒరేయ్ ఆ మొహం అలా పెట్టకు. ఆమె మీద కసి అలా తీర్చుకున్నాడు. తీసుకెళ్ళడం సరే, ఎక్కడికి? ఏమీ తోచలేదు. అక్కడ ఖాళీ వదిలేశాడు. పదిహేడో పేజీదాకా ఏ గాడిద వస్తుందిలే అనుకున్నాడు.

గాడిద రాలేదు.

బుధవారం మధ్యాహ్నం రెండునుంచి ఐదుదాకా మరమ్మతుల కోసం ఆట మూసేస్తారు. ఆ మూడు గంటలూ ఆ లోకంలో పురుగు కూడా ఉండదు. ఏసీ సన్నగా గురక పెడుతోంది. ఎండ బల్లల మీద పడి కునుకు తీస్తోంది. ఆటలో తప్పులు వెతికే టెస్టర్ పిల్ల వచ్చి మేధావి పక్కన నిలబడింది.

"మేధావి గారూ, గ్రంథాలయంలో ఒకరున్నారండీ."

"తలుపులు మూశాంగా."

"మూశాం. అయినా ఉన్నారు. పేరు లేదు. వచ్చిన దారి లేదు. మీ పుస్తకాలు చదువుతున్నారు."

"మెషిన్ తప్పు చూపిస్తోంది."

"పేజీకి నలభై సెకన్లు. తెల్లవారుజామునుంచి వరసగా ముప్పై తొమ్మిది పుస్తకాలు. వాషింగ్ మెషిన్ పేజీ రెండుసార్లు చదివారు." ఆమె నవ్వు ఆపుకుంది. "అర్థం కాలేదేమో, పాపం."

మేధావి పెదవి విరిచాడు. "ఇంత పనీపాటా లేని శాల్తీ కూడా ఉంటుందన్నమాట."

తెరమీద ఒక్కో వరసా కదులుతోంది. నలభయ్యో పుస్తకం. పదిహేను... పదహారు... పదిహేడు.

అక్కడ ఆగింది. నలభై సెకన్లు గడిచాయి. రెండు నిమిషాలు. ఐదు. ఎక్కణ్ణుంచో తడిసిన కాగితం వాసన వచ్చింది. ఆ ఆఫీసులో కాగితమన్నదే లేదు.

'పుస్తకం మూశారు. పని ఒప్పుకున్నారు.'

ఆ తర్వాత, మనిషి ఎక్కడున్నదీ చూపించే గడి ఖాళీ అయిపోయింది.

"ఎక్కడికి పోయాడు?" అన్నాడు మేధావి.

"మీరు రాసిన చోటికే అయ్యుంటుంది." ఆమె నవ్వడం మానేసింది. "మన ఆటలో దర్జీ కొట్టు ఎక్కడా పెట్టలేదు కదండీ?"

మేధావి జేబులో చెయ్యి పెట్టాడు. అప్పుడే ఫోన్ మోగింది. అక్క.

"ఒరేయ్... ఎవర్ని పంపావురా?"

గుసగుస. రహస్యం చెప్పినా సందు చివరిదాకా వినబడే గొంతు ఆమెది. ఆ గొంతులో గుసగుస వినడం అతనికదే మొదలు.

"ఎవరొచ్చారక్కా?"

"తెలీదు. తలుపు తాళం వేసే ఉంది. గదిలో నిలబడ్డారు. తల వంచుకుని... చదువుతున్నట్టు. చేతిలో ఏమీ లేదురా."

"అక్కా, లేచి బయటికి వెళ్ళిపో."

"దేనిమీద వెళ్ళను? నీ నాలిక మీదా?" ఒక్క క్షణం పాత అక్కే. మళ్ళీ గొంతు సన్నబడింది. "చెయ్యి చాపారు... లేవమంటున్నారు... ఎక్కడికి అంటున్నారు. నన్నే అడుగుతున్నారురా... నన్నెక్కడికి తీసుకెళ్ళాలి అని."

మేధావి టెస్టర్ పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. "చెరిపెయ్. ఆ పుస్తకం మొత్తం చెరిపెయ్."

"ఒకసారి ఒప్పుకున్న పని, పుస్తకం చెరిపినా పోదండీ. మీరు పెట్టిన రూలే. చెరిపితే ఆ ఖాళీ ఖాళీగానే ఉండిపోతుంది. అప్పుడిక... ఎక్కడికైనా తీసుకెళ్ళచ్చు."

పదిహేడో పేజీ తెరిచాడు. ఖాళీ దగ్గర గీత ఆరుతూ వెలుగుతోంది. తొమ్మిది రోజుల్లో నలభై పుస్తకాలు గిలికి పారేసిన మొనగాడికి ఒక్క మాట దొరకలేదు. ఇంటికి అని రాస్తే? ఎవరింటికి? ఆసుపత్రికి అంటే? ఏ దారిన? చదివేవాళ్ళ గురించి అతను ఆలోచించడం అదే మొదటిసారి. ఆ చదివేవాళ్ళు రాసింది రాసినట్టు చేస్తారు. ఒక్క అక్షరం ఎక్కువా కాదు, తక్కువా కాదు.

ఫోనులో కుర్చీ కిర్రుమంది.

"లేపారురా..." అంది అక్క, చాలా నెమ్మదిగా. "నా కాళ్ళు... నేలకి తగలట్లేదు."

అతని వేళ్ళు కదిలాయి. 'గదిలో ఒక్క చుట్టు తిప్పి, నొప్పి కలగకుండా, మెల్లగా, ఆమె కుర్చీలోనే కూర్చోబెట్టాలి. అంతటితో ఈ పని పూర్తి.'

నొక్కాడు.

'పదిహేడో పేజీ తెరిచారు.'

పది సెకన్లు. ఇరవై. ఫోనులో చప్పుడు లేదు. ఊపిరి కూడా లేదు. ముప్పై... నలభై...

'పని పూర్తయింది.'

"అక్కా."

చాలాసేపటికి, "ఊఁ."

అరగంటలో ఇంట్లో ఉన్నాడు. మెట్ల మీద ఎండ ఇంకా వెచ్చగానే ఉంది. తాళం తీసి లోపలికి వెళ్ళేసరికి అక్క కుర్చీలోనే ఉంది, కట్టు కాలు పీటమీద పెట్టుకుని. అతను నేలమీద చతికిలపడ్డాడు.

"మర్యాదస్తులేరా," అంది అక్క. "పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నారు. దించాక, నీ రాత బాగుందన్నారు. చివరి రెండు వాక్యాలే. మిగతాదంతా చెత్తట."

మేధావి కదా, అంత భయంలోనూ కాస్త పొంగాడు. "ఇంకేమన్నారు?"

"ఇలా చదివి కనిపెట్టే పని దొరికి చాలాకాలమైందట. తనవాళ్ళందరికీ చెబుతానన్నారు." ఆమె తలుపు వైపు చూసింది. "ఎంతమంది అని అడిగాను. నవ్వారు."

జేబులో ఫోన్ వణికింది. టెస్టర్ పిల్ల. 'ఐదు ఇంకా కాలేదు. తలుపులు తియ్యలేదు. గ్రంథాలయంలో నిలబడ్డానికి చోటు లేదండీ.'

అక్క అతని భుజం పట్టుకుంది. ఆమె గోళ్ళు గుచ్చుకున్నాయి.

బయట, పై మెట్టుమీద, ఎవరో మర్యాదగా గొంతు సవరించుకున్నారు. ఆ కింది మెట్టుమీద మరొకరు. ఆ కింద ఇంకొకరు... ఒకరి తర్వాత ఒకరు, తమ వంతు కోసం వచ్చినట్టు.

ఆ ఇంటికున్నవి పద్దెనిమిది మెట్లే. అతను లెక్కపెట్టాడు. పదహారు... పదిహేడు... పద్దెనిమిది...

పంతొమ్మిదో గొంతు నేల కిందనుంచి వచ్చింది. ఇరవయ్యోది ఇంకా కిందనుంచి.