ఫుకుషిమాలో మిత్సుకోగారి ఇల్లు

చీకటిపడ్డాక కుక్కల్ని తిప్పేవాళ్లు కూడా ఆ ఇంటిదాకా వచ్చి వెనక్కి తిరిగేస్తారట. ఫుకుషిమాలో అణు కరెంటు కేంద్రం పేలినప్పుడు, నాలుగు రోజుల్లో వచ్చేద్దురుగాని అని చెప్పి బస్సులెక్కించి ఖాళీ చేయించిన వీధి అది. ఏళ్లు గడిచాయి. కొందరు తిరిగొచ్చారు. ఆ ఇంటికి మాత్రం ఎవరూ రాలేదు. అయినా రాత్రయితే లోపల్నుంచి, అప్పుడే దించిన అన్నం వాసన...

మా బందరు పిల్ల షిఫా ఆ దగ్గర్లోనే ముసలివాళ్ల హోమ్‌లో పనిచేసేది. గుడివాడ దివ్యశ్రీ ఆమె రూమ్మేటు, అదే హోమ్‌లో పని. దెయ్యం మాటెత్తితే దివ్య ఒకటే నవ్వు.

"అన్నం వండిపెడుతోందంటే మంచి దెయ్యమేనే. చేపల పులుసు కూడా చెయ్యమను."

ఓ రాత్రి షిఫా డ్యూటీలో ఉండగానే హోమ్‌లో ఉండే మిత్సుకోగారు కనిపించకుండా పోయింది. ఎనభై దాటిన మనిషి, మతిమరుపు. బయట మంచు. ఒంటిమీద పల్చటి నైట్‌డ్రెస్సు. తెల్లారేదాకా అలాగే ఉంటే బతకదు! మిగతావాళ్లని దివ్యకి అప్పగించి, టార్చి పట్టుకుని పరిగెత్తింది షిఫా.

మంచులో అడుగులు... చెప్పుల్లేని అడుగులు... సరాసరి ఆ ఇంటికే. ఆవిడ సొంతిల్లే అది.

ఫోన్‌లో దివ్య గుసగుస. "కనపడిందా?"

"లోపలికెళ్లిందే... నాకు కాళ్లు రావట్లేదు."

"దువా చదువుకుంటూ వెళ్లవే తల్లీ. ఆవిడ చచ్చిపోద్ది!"

ఫోన్ కట్టయింది.

తలుపు తీసే ఉంది. అన్నం వాసన — గుప్పున కొట్టింది. టార్చి వేస్తే కూలిన కప్పు, ఎలుకలు కొరికేసిన చాపలు, తుప్పుపట్టిన పొయ్యి. గుమ్మం పక్కనే ముడుచుకు కూర్చుని ఉంది మిత్సుకోగారు. పాదాలు నీలంగా అయిపోయాయి.

షిఫా తన కోటు కప్పి, ఆవిణ్ణి వీపుమీదికి ఎక్కించుకుంది. మెడకి వెచ్చగా ఊపిరి తగిలింది... బతికే ఉంది! ఏడుపొచ్చేసింది షిఫాకి.

బందరులో మనం ఎవరింటి గడప దాటినా "వెళ్తాను" అనం. అశుభం. చిన్నప్పట్నించీ నోటికి అంటుకుపోయిన మాట ఒకటుంది కదా. ఆ వణుకులో, ఆ ఖాళీ ఇంటికి, తెలుగులోనే అనేసింది —

"వెళ్లొస్తామండీ."

వీపుమీది ముసలామెకి తెలుగు రాదు. ఆ ఊళ్లో దివ్యకి తప్ప ఎవరికీ రాదు.

వెనక చీకట్లోంచి మగగొంతు. మెల్లగా... ఆశగా...

"ఎప్పుడొస్తారూ?"