ఇరవై రెండో నంబరు బిళ్ల

గల్ఫ్‌లో రుసైల్ అనే చోట మా కోల్డ్ స్టోరు. బయట నలభై ఆరు డిగ్రీలు, లోపల మైనస్ ఇరవై. లోపలికి వెళ్లేవాడు తన నంబరు బిళ్లను తలుపు పక్క బోర్డుకు తగిలించాలి. బయటికొచ్చాక తీసి జేబులో వేసుకోవాలి. మధ్యాహ్నం భోజనానికి పోయే ముందు సూపర్‌వైజర్ బోర్డు ఖాళీగా ఉందో లేదో చూసి తాళం వేస్తాడు. లోపలి పిడి విరిగి చాలా రోజులైంది. అరిచినా ఎవరికీ వినపడదు.

సూపర్‌వైజర్ ఖమరుద్దీన్ మా నిజామాబాద్ వాడే. ఒక జర్మన్ కుటుంబం ఖాళీ చేసిన విల్లా నుంచి పాత తోలు కోటు, ఫొటోల ఆల్బం తెచ్చుకున్నాడు. కోటు వాళ్ల తాతది. ఫొటోల కింద మనవడు ఇంగ్లీషులో రాసుకున్నవి మాకు చదివి చెప్పాడు. తాత కుర్రతనంలో యుద్ధ విమానం నడిపి ముప్పై ఒక్క విమానాలు కూల్చాడు. తర్వాత కమాండరయ్యాడు. ఇక తాను ఎగరలేదు, కుర్చీలో కూర్చుని మీసాలు రాని పిల్లల్ని పంపాడు. చివరి ఫొటోలో అతని వెనక పైలట్ల పేర్ల బోర్డు. తిరిగి రారనుకున్న వాళ్ల పేర్లు వాళ్లు బయలుదేరక ముందే తుడిచేసేవాడట.

ఆ కోటు తొడుక్కున్న రోజు నుంచి ఖమరుద్దీన్ లోపలికి అడుగుపెట్టలేదు. బోర్డు వైపే చూస్తూ కూర్చునేవాడు. ఇలాంటివాడి దగ్గర తాళం ఉంటే దొంగ చేతికి ఇచ్చినట్టే అనిపించేది నాకు. లోపల పనిచేసేది నా బామ్మర్ది సురేందర్, అతని బిళ్ల ఇరవై రెండు. వచ్చి నెల కాలేదు. నా భార్య సునీత నా మాట మీదే తమ్ముణ్ణి పంపింది.

ఆ మధ్యాహ్నం బోర్డు ఖాళీగా ఉంది. ఖమరుద్దీన్ తాళం తిప్పుతున్నాడు.

"సురేందర్ ఏడి, భాయ్?"

"అందరు అచ్చిండ్రు." నా ముఖం చూడలేదు.

అతని కోటు నుంచి పెట్రోలు వాసన. మా దగ్గర పెట్రోలు బండి ఒక్కటీ లేదు.

తాళంచెవి లాక్కుని తలుపు తీశాను. చీకటి. తెల్లటి పొగ. పెట్టెల వెనక సురేందర్... నిటారుగా నిలబడి ఉన్నాడు. పెదవులు నల్లబడ్డాయి.

"అరే, బయటికెందుకు రాలే?"

"ఎవరో తెల్ల పెద్దసారు నిలబడుమన్నడు బావా..." చీకట్లోకి చూపించాడు. "ఇంక కొంతమంది రావాలెనట."

"బిళ్ల నేను తియ్యలే ప్రసాద్," అన్నాడు ఖమరుద్దీన్. కోటు జేబులోంచి ఆ బిళ్లే అతని చేతికొచ్చింది. "తీసినట్టు యాదికే లేదు."

నేను నమ్మలేదు. ఆఫీసులో చెప్పాను, అతణ్ణి పంపేశారు. కోటును డ్రమ్ములో వేసి నా చేతులతో కాల్చాను. కంపెనీ ఆ కుర్చీ, తాళంచెవి నాకిచ్చింది. రెండు రోజులు జ్వరం పడి సురేందర్ మళ్లీ డ్యూటీకొచ్చాడు.

వారం గడిచింది. ఇవాళ మధ్యాహ్నం బోర్డు చూశాను. ఖాళీ. తాళం వేసి భోజనానికి కూర్చున్నాను. పక్కన సురేందర్ టిఫిన్ డబ్బా, మూత తియ్యలేదు. చెయ్యి తుడుచుకుందామని రుమాలు కోసం జేబులో వెతికాను. చల్లగా ఏదో తగిలింది... బిళ్ల. ఇరవై రెండు.

లేవాలి. తలుపు పది అడుగులే. తాళంచెవి చేతిలోనే ఉంది.

భుజాల మీద ఏదో బరువు... పెట్రోలు వాసన.