పిల్లమ్మ గదిలో వాన

ఈ యేడు శివరాత్రికి ముందొచ్చిన బుధవారం, ఫిబ్రవరి పదకొండు, రాత్రి ఏడున్నర. దీపం పెట్టి నేనింకా పూజ గదిలోంచి లేయలేదు. అప్పుడు జరిగింది ఇది.

జరిగింది మా ఇంట్లో కాదు — పిల్లమ్మ గది కాడ.

తమిళనాడులో హోసూరు పక్క, అత్తిముగం దాటినాక మా పల్లె. పల్లె కొసన సర్కారు బడి. బడి వెనకపక్క, కాంపౌండు గోడకు ఆనుకుని, పెంకులు కప్పిన పొడుగాటి గది ఒకటుంది. తెలుగు తరగతి పిల్లోళ్ళు అందులోనే కూర్చునేవాళ్ళు. ఇప్పుడు కూర్చోరు, వరండాలో కూర్చుంటారు. గదికి తాళం. పొద్దుగూకితే ఆ పక్కకు ఎవురూ పోరు. పిల్లోళ్ళ బంతి పోయి ఆ అరుగు మీద పడిందంటే... తెల్లారేదాకా బంతి ఆడనే.

ఎందుకంటే, అందులో పిల్లమ్మ ఉందంట.

ఆ మాట విన్నప్పుడల్లా నా మనసు చిన్నబోతుంది. పిల్లమ్మ ఎవురో కాదు, మా అత్తమ్మ. ఆ గది ఆమెదే. బడిలో గదులు చాలక పిల్లోళ్ళు ఎండలో కూర్చుంటే చూడలేక, "నాకింక ఎందుకు ఇంత గది, చదువుకోనీ" అని తాళంచెవి తీసుకుపోయి హెడ్మాస్టరు చేతిలో పెట్టింది. రెండో చెవి మా పూజ గది మేకుకు ఇప్పటికీ ఉంది. తర్వాత కొన్నేళ్ళకు, ఒక సాయంత్రం, ఆ గది అరుగు మీదనే గోవిందా అంటూ కూర్చుంది... మళ్ళీ లేయలేదు. అంత పుణ్యాత్మురాలి చావు అది. ఊరు దానికి పెట్టిన పేరు — దెయ్యం.

సరే, పేరు పడింది. దానికీ అలవాటు పడినాము. కానీ ఈ మాఘంలో కొత్త కత మొదలైంది. బడిలో మధ్యాన్నం వంట చేసే నాగక్క కొళాయి కాడ నా చెవిలో చెప్పింది.

"అక్కా... లోపల వాన పడతా ఉండాది."

"ఏం వాన?"

"ఆకాశంలో మబ్బు ముక్క లేదు. ఆ గదిలో మాత్రం... సో... అని. ఈ చెవులతోనే విన్నా. నీకు మాత్రమే చెప్తా ఉండా, ఎవురికీ చెప్పద్దు."

నేనెవరికీ చెప్పలేదు. మర్నాడు ఊరంతా చెప్పుకుంది.

ఇక్కడే వచ్చింది చిక్కు. ఆ తెలుగు తరగతిలో అసలే పిల్లోళ్ళు తక్కువ. మార్చిలో కొత్త పేర్లు పడకపోతే తరగతినే ఎత్తేస్తామని పైనుంచి చెప్పినారు. మా ఆయన అక్షరం దిద్దింది అందులో. నా కూతురు దివ్యశ్రీ దిద్దింది అందులో. ఇప్పుడు ఊళ్ళో అమ్మలు, "దెయ్యం కాడికి మా బిడ్డను పంపం తల్లీ" అంటా ఉన్నారు. మా అత్తమ్మ ఇచ్చిన గది, మా అత్తమ్మ పేరు చెప్పే ఆ తరగతి పోతుందంటే నాకు అన్నం సయించలేదు.

మిగిలిన ఆశ ఒకటే. శుక్రవారం స్కూల్ డే, శనివారం తల్లిదండ్రుల మీటింగు. పిల్లోళ్ళ ఆటపాటలు చూసేదానికి శుక్రవారం ఊరంతా వస్తుంది. ఆ సంబరంలో శనివారం నాలుగు పేర్లైనా పడతాయని తెలుగు టీచరు కలైవాణి అనుకుంటా ఉండింది.

ఆ నాలుగు పేర్లలో మా ఇంటి పేరే ఇంకా తేలలేదు. మా అల్లుడు జితేంద్రది రాజమండ్రి పక్క. మూకండపల్లిలో ఫ్యాక్టరీ పని, మాతోనే ఉంటాడు. నా మనవరాలు, వాళ్ళ పాపను హోసూరులో కాన్వెంటులో వేయాలని ఆయన పట్టు.

"దెయ్యం ఉందని కాదండి అత్తయ్యగారూ. దెయ్యాలేంటండీ ఈ రోజుల్లో! ఇంటి ముందుకే బస్సు వస్తుందని."

కరెంటు పని తెలిసినవాడు కాబట్టి, స్కూల్ డేకి సీరియల్ లైట్లు కట్టమని హెడ్మాస్టరు ఆయన్నే పిలిచినాడు. బుధవారం షిఫ్టు దిగి, నేరుగా బడికి పోయినాడు. అటు తర్వాత జరిగింది ఆయన చెప్పిందే చెప్తున్నాను.

గేటు నుంచి స్టేజీ దాకా లైట్లు కట్టినాడు. కాంపౌండు గోడ పొడుగునా కట్టినాడు. ఇంకొక్క మూర వైరు మిగిలింది. అది పిల్లమ్మ గది మూలకు కట్టాలి.

పోయినాడు.

గది నాలుగు బారల దూరంలో ఉండగా... వాన మొదలైంది.

చెయ్యి చాపినాడు. తడి లేదు. తలెత్తినాడు. ఆకాశం నిండా చుక్కలు.

ఒక అడుగు ముందుకు వేసినాడు — వాన పెరిగింది. ఒక అడుగు వెనక్కి — వాన తగ్గింది. మళ్ళీ ముందుకు... మళ్ళీ పెరిగింది. బయట చుక్కలు, లోపల వాన!

"గాలై ఉంటుందిలే," అని పైకే అనుకున్నాడంట. ఆకు కదలడం లేదు.

అప్పుడు వెనకాల అడుగుల చప్పుడు. మెల్లగా... బరువుగా... చరక్... చరక్...

తిరిగి చూసినాడు.

చీర కట్టుకున్న ఆడమనిషి. ముందు కాళ్ళ వైపు చూసినాడంట, తెలివైనవాడే. పాదాలు ముందుకే ఉన్నాయి. అమ్మయ్య అనుకుని చూపు పైకెత్తినాడు. నడుముంది. భుజాలున్నాయి. భుజాల పైన...

తల లేదు. తల ఉండాల్సిన చోట చెట్టు ఉంది!

కొమ్మలు, ఆకులు, అటూ ఇటూ ఊగుతూ. ఆ చెట్టులోంచి మెల్లగా, గుసగుసగా ఒక మాట —

"చెప్పులు ఇడిసి రాప్పా... చెప్పులు..."

చెప్పులైతే విడిచినాడు. ఒకటి ఆడ, ఇంకొకటి దోవలో.

ఇంట్లోకి వచ్చి పడిన మనిషిని చూసి నేను భయపడితే, దివ్యశ్రీ చెంబుతో నీళ్ళిచ్చి నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఏమండీ, రాజమండ్రి ధైర్యం ఇంతేనా?"

"నవ్వకు దివ్యా. తల ప్లేసులో చెట్టుంది."

"ఏం చెట్టు?"

"ఆగి పేరడగమంటావా!"

నేను మెల్లగా ఆయన పక్కన కూర్చున్నాను. "నాయనా, ఆ వాన ఎట్లా ఉండింది? రేకు మీద పడినట్టా, ఆకు మీద పడినట్టా?"

"ఆకు మీదండీ. సన్నగా... ఆగకుండా."

"చెప్పులు ఇడిసి రమ్మనిందా?"

"ఆ మాట మాత్రం స్పష్టంగా అందండీ."

నేను కొత్త కోడలిగా ఈ ఇంటికి వచ్చిన దినం, ఆ గది గడప కాడ మా అత్తమ్మ నాతో అన్న మొదటి మాట అది. చెప్పులు ఇడిసి రామ్మా.

లేచినాను. మేకు మీది తాళంచెవి తీసినాను. కుంకుమ భరిణె, కర్పూరం, ఊదుబత్తీలు చేతిలోకి తీసుకున్నాను. ఒక్క నిమిషం నిలబడి... కర్పూరం, ఊదుబత్తీలు దేవుని ముందు తిరిగి పెట్టేసినాను.

"ఏమ్మా, దెయ్యం కాడికి పోతా అవి ఇడిసిపెట్టి పోతావా?" అనింది దివ్యశ్రీ.

"ఆడ పొగ పనికిరాదు."

"దెయ్యానికా?"

"నడువు."

ఇంట్లో ఒంటిగా ఉండనని దివ్యశ్రీ పాపను చంకనేసుకుని వచ్చింది. జితేంద్ర నా వెనకాల, ఒట్టి కాళ్ళతో. "మీరు ముందుండండి అత్తయ్యగారూ. మీకు దోవ తెలుసు కదా."

గది దగ్గరైంది. వాన వినిపించింది.

కళ్ళు మూసుకున్నాను. గోవిందా అనుకున్నాను. ఈ వాన నాకు తెలుసు. పెండ్లయిన కొత్తలో, అత్తమ్మకు తోడుగా ఈ అరుగు మీద పండుకుంటే, గోడకు అవతల రాత్రి రాత్రంతా ఇదే వాన. దీన్ని వింటానే నిద్రపోయేదాన్ని.

తాళం లేదు. చెప్పులు విడిచి, తలుపు తోసినాను...

చిన్న బల్బు వెలుతురు. గోడ పొడుగునా అంతస్తులుగా తట్టలు. తట్టల నిండా పచ్చని ఆకు. ఆకు మీద — పాలరంగు పట్టుపురుగులు! వేలు. తలలు ఊపుకుంటా ఆకును కొరికి తింటా ఉన్నాయి. ఒక్క పురుగు తినేది వినపడదు. అన్నీ కలిసి తింటే, సో అని వాన.

తట్టల కాడ తల మీది మల్బరీ కొమ్మల మోపు దించి, కలైవాణి టీచరు నిలబడి ఉంది. జడలో రెండు ఆకులు చిక్కుకుని ఉన్నాయి. గడప పక్కన జితేంద్ర చెప్పు ఒకటి నీటుగా పెట్టి ఉంది.

"రెండోది కనపడలేదు సార్," అనింది టీచరు. "ఎంత పిలిచినా నిలవలేదే మీరు!"

దివ్యశ్రీ గోడకు ఆనుకుని కూర్చుని నవ్వింది. జితేంద్ర ఆ కొమ్మల మోపును చూసి, "చెట్టే," అన్నాడు.

ఇది మా అత్తమ్మ పురుగుల ఇల్లు. ఒకప్పుడు మా పక్క ఇంటింటికీ ఇట్లాంటిదొకటి ఉండేది. మల్బరీ తోటలు పోయినాయి, గులాబీ షెడ్లు, ప్లాట్లు వచ్చినాయి. నాగక్క ఈ ఊరికి కాపురానికి వచ్చేసరికే తోటలు లేవు. ఈ వాన ఆమె ఎట్లా గుర్తుపడుతుంది?

"శుక్రవారం అమ్మానాయన్లందరినీ ఈ గదిలోకే పిలుచుకొని రావాలని, నాగరత్నమ్మా," అనింది టీచరు నాతో. "ఆ దినానికి పురుగులు గూడు కట్టను మొదలుపెడతాయి. కండ్లతో చూస్తే భయం పోతుంది కదా. పిల్లోళ్ళే సాకినారు. ముందే తెలిస్తే జనం ఒచ్చేస్తారు. ఒకరు సెంటు పూసుకోని, ఒకరు బీడీ తాగి... పురుగు నిలస్తుందా? అందుకే పిల్లోళ్ళ చేత సరస్వతమ్మ మీద ఒట్టు పెట్టించినా. దెయ్యమని పుకారు లేస్తే, పోనీలే, కాపలా ఉన్నట్టుంటుందని ఊరుకుంటిని. అదే నా మెడకు చుట్టుకునింది."

పాప అమ్మ చంక దిగి తట్ట కాడ చెవి పెట్టింది. "అమ్మమ్మా! ఇవి అన్నం తింటున్నాయి!"

కత ఇక్కడితో అయిపోయిందనే అందరం అనుకున్నాము.

బయలుదేరేటప్పుడు టీచరు నా చెయ్యి పట్టుకునింది.

"మీకెట్లా చెప్పల్లనో తెలీదు, నాగరత్నమ్మా. సాయంత్రం మేత నేను పెడతా. తెల్లారుజాము మేతకు మాత్రం హోసూరు నుంచి రాలేనే అని ఎంత దిగులుపడితినో. మొదటి దినం పొద్దున ఒచ్చి చూస్తే తట్టల నిండా ఆకు! రెండో చెవి మీ ఇంట్లోనే కదా ఉండేది. అప్పుడే అనుకుంటిని, మీకు తెలిసిపోయింది, చెప్పకుండా సాయం చేస్తా ఉండారని."

నేను దగ్గరి తట్టలోకి తొంగి చూసినాను.

"మీ పెరటి చెట్టు ఆకే కదమ్మా అది? అంత వెడల్పు ఆకు ఇంకెవురికీ లేదు. అదేమి, తొడిమెలన్నీ ఒకే పక్కకు పెడతారు?"

మా పెరట్లో మల్బరీ చెట్టు ఒకటుంది. అత్తమ్మ నాటింది. కొన్ని దినాలుగా కింది కొమ్మలు బోసిపోతా ఉంటే, మేకలని తిట్టుకుంటా ఉన్నాను.

"ఏ పక్కకు?" అని అడిగినాను.

"తూరుపుకు."

అత్తమ్మ ఎప్పుడూ అంతే. ఎందుకమ్మా అని అడిగితే, "సూర్యుడొచ్చి చూసుకోనీ, ఎంత ముద్దుగా పెట్టినానో," అని నవ్వేది. ఊళ్ళో ఇంకెవరూ అట్లా పెట్టేవాళ్ళు కాదు.

టీచరుతో నేను అవునని చెప్పలేదు. కాదనీ చెప్పలేదు. తలుపు గడపకు చెయ్యి ఆనించి కండ్లకద్దుకుని వచ్చేసినాను.

ఇంట్లో ఉన్నది ఇద్దరే, ఇద్దరినీ అడిగినాను. దివ్యశ్రీకి ఆరుకు ముందర మెలకువే రాదు. జితేంద్ర, "నేనా అండీ? ఆ గదికా అండీ?" అన్నాడు. చాలు.

తెల్లారుజామున లేచి, స్నానం చేసి, నామాలు చెప్పుకుంటా ఒంటిగా పోయినాను. మంచు పడతా ఉంది. నా కొంగు తడిసింది, గడ్డి తడిసింది. తాళం వేసినట్టే ఉంది. తీసినాను.

సో... అని వాన.

తట్టల నిండా కొత్త ఆకు. వెడల్పాటి ఆకు, తొడిమెలన్నీ తూరుపుకు. వేలితో తాకి చూసినాను. బయట అంత మంచు పడతా ఉందా... ఒక్క ఆకు మీద కూడా తడి లేదు. తుడిచి పెట్టినట్టుంది. తడి ఆకు తింటే పురుగుకు జబ్బు చేస్తుంది. అది తెలిసిన చెయ్యి.

"అత్తమ్మా," అన్నాను.

పురుగులు తింటా ఉన్నాయి. అంతే.

ఇంటికి వచ్చి జరిగింది జరిగినట్టు చెప్పినాను. దివ్యశ్రీ నవ్వలేదు. జితేంద్ర కాఫీ గ్లాసు కింద పెట్టి, పెరటి వైపు చూసినాడు.

"మన పెద్దావిడ ఇంత మంచులో వచ్చి కాస్తున్న గదండీ," అన్నాడు. "దాన్ని వదిలి బస్సెక్కడం ఎందుకండి పాపకి."

లేచి పోయి, మాదప్ప ఆటోకు మైకు కట్టించినాడు. పొద్దున ఎనిమిదికి ఊరంతా ఆయన గొంతే.

"ఊరి ప్రజలకు విజ్ఞప్తి అండీ! రేపు శుక్రవారం సాయంత్రం మన బడిలో స్కూల్ డే! ఎల్లుండి శనివారం తల్లిదండ్రుల మీటింగు, తెలుగు తరగతిలో కొత్త పేర్ల నమోదు — మొదటి పేరు మా అమ్మాయిదేనండీ! పిల్లమ్మ గారి గదిలో వాన వినాలనుకునేవాళ్ళు స్కూల్ డేకి వచ్చి వినొచ్చు! బీడీ వద్దు, సెంటు వద్దు... చెప్పులు మాత్రం విడిచి రండి!"

ఆటో మా వీధి తిరగకముందే నాగక్క గేటు కాడికొచ్చింది. "అక్కా, రేపు నన్ను ముందర నిలబెట్టు. వాన మొదట విన్నది నేనే కదా. అట్లే మా మనవడి పేరు గూడ రాయమని టీచరుకు చెప్పు."

నేనూ దివ్యశ్రీ పెరట్లోకి పోయి, పై కొమ్మల ఆకు బుట్ట నిండా కోసినాము. ఒక్కొక్క ఆకూ కొంగుతో తుడిచి పేర్చినాము. తీసుకుపోయి గది లోపల, గడప పక్కన పెట్టినాను. ఈ వయసులో ఆమె మంచులో మా పెరడు దాకా రావడమెందుకు?

తలుపు దగ్గరగా వేసినాను. తాళం మాత్రం వేయలేదు. రెండు చేతుల నిండా ఆకు ఉంటే, తాళం తీసుకునేది ఎంత కష్టం.