గొలుసు వేసిన వాల్వు

"గొడుగు ఆడ పెట్టి రండి మేడమ్. లోపల వాన లేదు, అబద్ధాలే ఉన్నయ్."

మిర్యాలగూడలోని ఆ రైస్ మిల్లు గుమ్మంలో షిఫ్ట్ ఇంజినీర్ కిరణ్ పలికిన స్వాగతమది. పంపుల కంపెనీ తరఫున కోదాడ నుంచి విచారణకు వచ్చిన హిమజ కనుబొమలు ముడివడ్డాయి.

"నేనింకా నోరే తెరవలేదండీ!"

"తెరిస్తే ఏమంటరో తెల్సు. పంపు మంచిదే, నడిపినోళ్లదే తప్పు. మా సారు గూడ గదే అంటుండు. ఇద్దరికీ మంచిగ కుదిరింది."

వడ్లు నానబెట్టే తొట్లకు వేడినీళ్లు తోలే పంపులో, నీరు బయటికి చిమ్మకుండా ఆపే సీలు పగిలి, ఆపరేటర్ పుష్పాబాయి చేయి కాలింది. ఆమె సూర్యాపేట దవాఖానలో ఉండగానే నిర్లక్ష్యమని నిందవేసి పనిలోంచి తొలగించారు. గాయపడిన మనిషినే దోషిగా నిలబెట్టడం కంటె నీచమేముంటుంది?

హిమజ పంపు చుట్టూ తిరిగింది. నాలుగు తొట్లకు సరిపడే పంపు, ఇప్పుడు ఒకే తొట్టికి వాడుతున్నారు. మిగులు నీటిని తిరిగి ట్యాంకుకు పంపే పైపు ఉంది. కాని, దాని వాల్వుకు ఇనుప గొలుసు, తాళం!

"ఇదెవరు వేశారు?"

"నేనే," అన్నాడు మిల్లు యజమాని భాస్కర్. "తోలిన నీళ్లు మళ్ల ట్యాంకులకే పోతే కరెంటు దండుగ గాదా?"

"ఎంత మొత్తుకున్నా ఇనలే," కిరణ్ పళ్లు కొరికాడు.

"కరెంటు కొంత దండగే. కాని, పెద్ద పంపును సన్నటి ధారతో నడిపితే లోపల నీరు సుడులు తిరుగుతుంది, తిరిగే షాఫ్ట్ అదురుతుంది, సీలు పగులుతుంది. ఖర్చు తగ్గాలంటే చిన్న పంపు కొనండి. మనుషుల చేతులు కాల్చకండి!" అంది హిమజ.

"అంతగనం అదురుతదా? సూపియ్యి," అన్నాడు భాస్కర్.

కొత్త సీలు బిగించి ఉంది. చన్నీళ్లతో పంపు వేయించి, హిమజ కిరణ్ చేతిలోని చాయ్ గ్లాసు లాక్కుని బేరింగు పెట్టె మీద నిలిపింది.

"అది నా చాయ్!"

"సాక్ష్యం. ముట్టుకోకండి."

గ్లాసు గజగజలాడుతూ అంచుకు జరిగి భాస్కర్ చెప్పుల మీద బోర్లాపడింది. తాళం తీయించి, వాల్వు తిప్పి, మరో గ్లాసు పెట్టింది. అది కదలలేదు.

గుమిగూడిన పనివాళ్లలోంచి ఒక గొంతు లేచింది: "పుష్పక్క వచ్చేదాక పంపు ఎయ్యం!"

"మా కంపెనీ తప్పూ ఉంది," అంది హిమజ. "అవసరానికి మించిన పంపు అంటగట్టాం. అదీ రాస్తాను."

కిరణ్ గొంతు మెత్తబడింది. "మీ నౌకరి పోతదేమో?"

"ఏ తప్పూ చేయని పుష్పాబాయిది పోలేదా?"

అప్పుడు చూశాడతను ఆమె ముఖంలోకి, మొదటిసారి సరిగ్గా.

తరువాతి రోజుల్లో పంపు పేరు చెప్పి అతడు చేసిన ఫోన్లకు, పంపే నోరున్నదైతే సిగ్గుపడేది.

పుష్పాబాయి తిరిగి పనిలో చేరిన రోజునే, చిన్న పంపు బిగించడానికి హిమజ వచ్చింది. కంపెనీ ఆమెను మందలించింది గాని, రాసినదంతా నిజమే కావడంతో తీసేయలేకపోయింది. భాస్కర్ పుష్పాబాయిని చాటుగా పక్కకు పిలిచాడు.

"గీడ గాదు సారూ. నింద అందరి ముంగట ఏసిండ్రు. మాఫీ గూడ అందరి ముంగటనే అడుగుండ్రి."

భాస్కర్ అందరి ముందూ తలవంచి అడిగాడు.

కిరణ్ హిమజకు చాయ్ తెచ్చాడు. గ్లాసు వణుకుతోంది.

"పంపు ఆగే ఉంది కదా, ఇదెందుకు అదురుతోంది?"

"పిలగాడు నీకో మాట చెప్పనీకి పరేషాన్ అయితుండు బిడ్డా," పుష్పాబాయి నవ్వింది.

"చెప్పండి. విచారణ నాదే."

"మీరంటే ఇష్టం. తప్పయితే రాసుకోండి."

వణుకుతున్న గ్లాసును అతని వేళ్లతో సహా పట్టుకుని నిలిపింది హిమజ.

"తప్పు మీ ఒక్కరిదే కాదండీ. సగం నాది."