పందొమ్మిది కిలోవాట్లు

ఉత్తరాన ఆల్టా ఊళ్ళో మన గూఢచారి మంగళవారం పొద్దున కాఫీ తాగుతూ తాగుతూనే చచ్చిపోయాడు. కప్పులో ఏం కలిపారో తేలలేదు. ఎవరు కలిపించారో మాత్రం ఓస్లో ఆఫీసులో అందరికీ తెలుసు: సరిహద్దు అవతలి ముఠా.

అరగంటలో, ఆల్టాలోనే ఉన్న ఏజెంట్ హాల్వర్‌కి చీఫ్ బ్రెకె నుంచి ఫోన్ వచ్చింది. చనిపోయినవాడి కోటు అస్తరులో ఒక కాగితం ఉంది. అవతల మనకి రహస్యంగా సాయం చేస్తున్న పద్నాలుగు మంది పేర్లు, వాళ్ళు దాక్కున్న చోట్లు. సాయంత్రం నాలుగింటికి హోనింగ్స్‌వోగ్ రేవులో బయల్దేరే నేవీ బోటుకి అది అందితే వాళ్ళని తప్పిస్తారు. ముఠాకి అందితే తెల్లారేసరికి పద్నాలుగు శవాలు. రేవుకెళ్ళే దారిలో, కొండ కింద కార్ల చార్జర్ దగ్గర ఏజెంట్ సునీవా కలుస్తుంది, కాగితం తీసుకెళ్ళి ఆమెకిచ్చెయ్యమన్నాడు.

గూఢచారులకి భయం ఉండదని ఎవరు చెప్పారో గాని, వాళ్ళెప్పుడూ మైనస్ ముప్పై డిగ్రీల చలిలో చార్జింగ్ లేని కారు నడిపి ఉండరు. బ్యాటరీ నింపుకునే తీరిక హాల్వర్‌కి దొరకలేదు. హీటర్ ఆపేశాడు. కాళ్ళు మొద్దుబారాయి. అద్దంలో ఏ దీపం కనిపించినా ముఠా కారేననుకున్నాడు. ఆ పద్నాలుగు పేర్లలో ఒకటి, పోయినేడు తనకి చేపల పులుసు పెట్టి పడుకోబెట్టిన ముసలమ్మది. ఆవిడ మొహమే కళ్ళ ముందు తిరుగుతోంది.

చార్జర్ చేరేసరికి పన్నెండున్నర, మిగిలింది ఆరు శాతం. ఒంటిగంటకి మంచు తోసే లారీ వెనక, అక్కడ ఆగి ఉన్న కార్లన్నీ వరసగా కొండెక్కుతాయి. ఆ తర్వాత తుఫాను, దారి మూసేస్తారు.

సునీవా అప్పుడే తన కారుకి తీగ తగిలిస్తోంది. హాల్వర్ పక్క చార్జర్‌కి తన కారు తగిలించాడు. తెల్ల బొచ్చు టోపీ, ఎర్రటి పెదాలు, ఎవరినైనా కరిగించే నవ్వు. కోడ్ మాట సరిగ్గానే చెప్పింది. కరాష్యోక్ నుంచి నూట ముప్పై కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండా వచ్చానని, వేళ్ళు గడ్డకట్టాయని వాపోయింది.

"కాగితం ఇలా ఇవ్వు. నీ పని అయిపోయింది, వెళ్ళి వేడిగా ఏదైనా తాగు."

హాల్వర్ చెయ్యి జేబులోకి వెళ్ళింది. అప్పుడే అతని కళ్ళు చార్జర్ల తెరల మీద పడ్డాయి. అతని కారు నూట పది కిలోవాట్లు లాగుతోంది. ఆమెది పందొమ్మిది. రెండూ ఒకే కంపెనీ, ఒకే మోడల్.

ఆగకుండా వచ్చిన బ్యాటరీ వేడెక్కి కరెంటు గటగటా తాగాలి. ఇది రాత్రంతా మంచులో నిలబడి బిగుసుకున్న బ్యాటరీ. అంటే ఈమె ఎక్కడి నుంచీ రాలేదు. లోపల హీటర్ వేసుకుని, ఉన్న చార్జింగ్ కరగబెట్టుకుని, ఇక్కడే కాపు కాసింది. ఆల్టాలో కాఫీ కప్పు ఖాళీ కాకముందే ఈమెకి అంతా తెలుసు. ఈమె ముఠాకి అమ్ముడుపోయింది.

తీగ తగిలించాక కోటు జేబులోకి వెళ్ళిన ఆమె కుడిచెయ్యి ఎందుకు బయటికి రావడం లేదో హాల్వర్‌కి ఇప్పుడర్థమైంది: తుపాకీ.

"టైరులో దాచాను. ఇంతమంది ముందు విప్పితే బావుండదు. కొండ దాటాక ఇస్తా, నా వెనకే రా," అన్నాడు. గొంతు వణికితే చలి మీదికి తోసేశాడు.

ఆమె ఒక క్షణం అతన్ని చూసి సరేనంది. ఎవరూ లేని కొండ అవతల అయితే ఆమెకీ సుఖమే.

ఒంటిగంటకి హాల్వర్ కారులో నలభై రెండు శాతం, ఆమెదాంట్లో పద్నాలుగు. లారీ డ్రైవరు అస్లాక్, జింకలు మేపే సామీ తెగకి చెందిన, అరవై దాటిన పెద్దాయన, అలవాటు ప్రకారం ఒక్కో కారూ తొంగి చూస్తున్నాడు: దుప్పటి, పార, చార్జింగ్. హాల్వర్‌ని కొండదారి గేటు దాటించాడు. వెనక కారు దగ్గర ఆగాడు.

"అమ్మాయ్, ఈ పద్నాలుగుతో కొండెక్కుతావా? మధ్యలో ఆగిపోతే నిన్ను వీపున మొయ్యడానికి నేనేమైనా జింకనా? పక్కకి తియ్యి."

"ప్రభుత్వ పని, పెద్దాయనా."

"ఆ మాట కొండకి చెప్పుకో."

ఆమె చెయ్యి జేబులో కదలడం హాల్వర్ అద్దంలో చూశాడు. పద్నాలుగు మంది ప్రాణాలూ ఆ క్షణంలో ఆ జేబులోనే ఉన్నాయి. కళ్ళు మూసి తెరిచాడు. పన్నెండు కార్ల జనం చూస్తున్నారని ఆమెకి గుర్తొచ్చిందేమో, చెయ్యి ఖాళీగానే బయటికొచ్చింది. గేటు ధడాలున పడింది.

నాలుగింటికి రెండు నిమిషాల ముందు కాగితం బోటెక్కింది. హాల్వర్ రేవు గట్టు మీదే కూలబడి, సిగ్గు లేకుండా ఏడ్చాడు.

అతను కొండ మీంచి చేసిన ఫోనుకి పోలీసులు అరగంటలో చార్జర్ దగ్గరికి చేరారు. సునీవా అక్కడే కూర్చుని ఉంది, ఇరవై రెండు శాతంతో. పక్క ఊరి చార్జర్ దాకా పారిపోవాలన్నా ఇంకో అరగంట చార్జింగ్ కావాలి. వాళ్ళు ఆమెకి బేడీలు వేసి, తీగ పీకి చుట్టి తగిలించి, చార్జర్ కోసం వెనక వరసలో ఉన్నవాళ్ళకి ఆలస్యమైనందుకు క్షమాపణ చెప్పారు.