గురవమ్మ కూర్చున్న గది

కృష్ణా పుష్కరాలు వచ్చిన ఏడు, మనవరాలి ఓణీల ఫంక్షన్లో, చుట్టాలంతా చూస్తుండగా గురవమ్మ పులిహోర బేసిన్‌తో సహా పందిట్లో బోర్లా పడిపోయింది! కాలు జారిందనుకుందామంటే, లేవదీసినవాళ్లకు గుప్పున మందు వాసన! మిరపకోతల్లో నడుం విరిగిపోతుంటే ‘ఒక్క గుక్క వేసుకో, నొప్పి తెలీదు’ అని పక్క సాలు కూలామె ఎప్పుడో పోసింది. భర్త బుల్లయ్య పోయాక ఆ గుక్క కాస్తా సీసా అయింది...

కొడుకు పానకాలు అగ్గైపోయాడు. “నలుగుర్లో నాకు తల కొట్టేసినట్టయింది! ఇంకెందుకే అమ్మా నువ్వు బతికుండి?”

కోడలు మల్లేశ్వరి అడ్డుపడింది. “మగాడు తాగి దొర్లితే పాపం జబ్బంటారు, అత్తయ్య తాగితే చావమంటారా? గుంటూరులో తాగుడు మానుకునేవాళ్లు ప్రతి ఆదివారం కూడతారంట. నేను తీసుకుపోతా!”

“ఊరందరికీ తెలిసిపోద్దే!”

“పందిట్లో తెలియనిది ఎవరికండీ?”

ఆదివారం ఇద్దరూ వెళ్లారు. ఒక స్కూల్లో రెండు గదులు. గుమ్మంలో ఉన్న కళ్లజోడాయన గురవమ్మ నెరిసిన జుట్టు చూసి, అడక్కుండానే, “తాగేవాళ్ల ఇంట్లోవాళ్లకు ఆ పక్క గదమ్మా” అన్నాడు. మల్లేశ్వరి నోరు తెరిచేలోపే గురవమ్మ తలొంచుకుని అటే నడిచింది. పక్క గదిలో అందరూ తాగుబోతుల పెళ్లాలే! జాన్‌బీ అనే ఆవిడ చెయ్యి పట్టుకుని, “మీ ఆయనేనా అత్తా, తాగేది?” అంది ప్రేమగా.

“అవునమ్మా... తాగొచ్చి రోజూ కొడతాడు!” అనేసింది గురవమ్మ.

అయ్యో! పోయి అయిదేళ్లయిన మనిషిని బతికించి మరీ తాగించింది! బతికుండగా చుక్క ముట్టని మనిషిని! గదిలో ఆడవాళ్లంతా ఆమె కోసం ఏడ్చారు. ఆమే ఎక్కువ ఏడ్చింది.

తిరుగు బస్సులో మల్లేశ్వరి ఒక్కటే అడిగింది. “మామయ్య ఏం పాపం చేశాడత్తయ్యా?”

ఆ వారమూ గురవమ్మ తాగింది. దాచేదేముంది? కానీ గ్లాసెత్తినప్పుడల్లా ఆ మాటే గొంతుకు అడ్డం పడింది. మళ్లీ ఆదివారం, ఎవరూ పిలవకుండానే, ఉతికిన చీర కట్టుకుని బయటికొచ్చింది. పానకాలు గేటుకు అడ్డంగా నిలబడ్డాడు.

“జరగరా పక్కకి! నీ అయ్య మీద నిందేసొచ్చాను. అది కడుక్కునే దాకా నన్నాపేవాడు పుట్టలేదు!”

మల్లేశ్వరి చెప్పులేసుకుని అత్త వెనకాలే నడిచింది. పానకాలూ అదే బస్సెక్కి, మూడు సీట్ల వెనక మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

గురవమ్మ ముందు పెళ్లాల గది గుమ్మంలో నిలబడింది. “అమ్మళ్లారా! మా ఆయన దేవుడు. ఒక్కనాడు నన్ను ‘ఏమే’ అని కూడా అనలేదు. తాగేది నేను!”

జవాబు కోసం ఆగలేదు. మల్లేశ్వరిని అక్కడే వదిలి, విసవిసా అవతలి గదిలోకి పోయింది. మగాళ్లంతా కంగారుగా లేచారు. “ఆడవాళ్లుంటే మేం నోరు విప్పలేమమ్మా...” అన్నాడొకాయన.

“మీరు విప్పకపోతే నేనే విప్పుతా! తాగేటప్పుడు మీకూ నాకూ ఒకటే సీసా కదయ్యా, మానేటప్పుడు వేరే గదేంటి?”

మూలనున్న ముసలాయన ఫక్కున నవ్వి కుర్చీ ముందుకు తోశాడు. గురవమ్మ కూర్చుంది.

పానకాలు గుమ్మం దగ్గర తచ్చాడుతున్నాడు. కళ్లజోడాయన ఈసారి అడిగాడు. “మీరు తాగుతారా బాబూ?”

“ఛీ! ఆమె కొడుకునండీ!”

“అయితే మీ గది అది.”

మెలితిప్పిన మీసాలతో పానకాలు వెళ్లి ఆడవాళ్ల మధ్య కూలబడ్డాడు. మల్లేశ్వరి కాస్త జరిగి చోటిచ్చింది. గోడ అవతల నుంచి “నా పేరు గురవమ్మ...” అని తల్లి గొంతు ఖణేల్‌మని వినిపించింది.

“చెప్పన్నా,” అంది జాన్‌బీ.

“మా అమ్మ తాగుద్దండీ...” అని చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు పానకాలు. “అన్నేళ్లు కోతలకు పోయొచ్చింది... నడుం నొప్పిగా ఉందా అమ్మా అని ఒక్కనాడు... ఒక్కనాడు కూడా అడగలేదండీ!”