దర్వాజ మీది గాట్లు

మా ఇల్లు సిద్దిపేటలో మెదక్ రోడ్డు వైపు ఒక గల్లీలో ఉంది. హాలు, పడకగది, వంటగది, వెనుక కాస్త జాగ. ఇంట్లో ఏది చెడినా నేనే బాగుచేస్తాను. నల్లా కారినా, స్విచ్చు కాలినా మనిషిని పిలవను. ఫోన్లో ఓ వీడియో చూసి స్క్రూడ్రైవర్ పట్టుకున్నానంటే నాకు పూనకం వచ్చినట్టే. "పని పాడుచేసి మళ్ల మేస్త్రినే పిలుస్తరు" అని నా భార్య ఉష ఎగతాళి చేస్తుంది. సగం సార్లు అది నిజమే.

పోయిన ఎండాకాలం మొదట్లో ఉష కాన్పు అయి కొండపాకలో తల్లిగారింట్లో ఉంది. పాప రిషితకు మూడో నెల నిండింది. ఆదివారం ఇద్దరినీ ఇంటికి తీసుకురావాలి. పడకగది దర్వాజను మాత్రం చెదలు తినేశాయి, తలుపు మూసినప్పుడల్లా పిండి రాలుతోంది. పసిపిల్ల పడుకునే గది. ఆదివారంలోగా కొత్తది బిగించాలి.

దుకాణాలన్నీ తిరిగాను. ప్లాస్టిక్ కలిపిన కొత్త రకం తలుపులు తేలిగ్గా ఉన్నాయి కానీ వేలితో కొడితే ఖాళీ డబ్బా మోత. ప్లైవుడ్‌వి తడి తగిలితే ఉబ్బుతాయన్నారు. ఇనుపదంటే పాప వేళ్లు నలుగుతాయని భయం. చివరికి పాత కట్టె అమ్మే అడితికి వెళ్లాను. అక్కడ ఓ మూల గోడకు ఆనించి ఉంది, నల్లగా నిగనిగలాడే టేకు దర్వాజ. రెక్కలు, గొళ్లెం, కింద దాటే అడ్డకట్టె కడప, అన్నీ ఉన్నాయి. గోరుతో గీకితే గీత కూడా పడలేదు.

అడితి నడిపే పర్శరాములు బీడీ ఆర్పి వచ్చాడు. "ఇది ముంపు ఊరిది సారూ. నీళ్ల కింద పోయింది ఊరు. ఇండ్లు ఇప్పుతుంటె తెచ్చిన."

దర్వాజ లోపలి వైపు, ఎడమ నిలువు కట్టె మీద కత్తితో పెట్టిన గాట్లు కనిపించాయి. మొదటిది నా తొడ దగ్గర. దాని పైన వేలెడు వేలెడు ఎడంతో మరో అయిదు. పిల్లను నిలబెట్టి, నెత్తి మీద కత్తి ఆనించి, ఎంత ఎదిగిందో కొలిచిన గాట్లు. నా నడుం దాకా వచ్చి ఆగిపోయాయి.

"గీడికే ఆపిన్రేం కాకా?" అని అడిగాను.

పర్శరాములు వాటి వైపు చూడలేదు. "నాకెర్క లేదు. కడప మాత్రం ఇడిచిపెట్టకు సారూ. దర్వాజతోటి కడప గూడ పెట్టాలె. లోపటిది లోపట, బయటిది బయట ఆగేదే దానితోని."

సరేనని తల ఊపాను. తీరా ఇంటికి తెచ్చాక చూస్తే ఆ కడప నాలుగు వేళ్ల ఎత్తుంది. పాపను ఎత్తుకుని నడుస్తూ ఉష తట్టుకుని పడితే? ఈ రోజుల్లో పడకగదికి కడప ఎవరు పెడుతున్నారు? కట్టర్ తీసి దాన్ని రెండు పక్కలా కోసేశాను. దాని మీద పసుపు పొరలు పొరలుగా పేరుకుని ఉంది. కట్టర్ తగలగానే పచ్చని పొడి లేచి నోట్లో పడింది. పసుపు రుచి లేదు. చెరువు బురద రుచి ఉంది.

కోసిన ముక్కను పెరట్లో స్కూటర్ స్టాండు కింద పెట్టాను. దర్వాజ బిగించి, సందుల్లో సిమెంటు కూరి, నా పనితనానికి నేనే మురిసిపోయాను.

గురువారం పొద్దున చూస్తే దర్వాజ పక్క గోడ చెమ్మగిల్లి ఉంది. సరిగ్గా మొదటి గాటు ఎత్తు వరకు. ఆ గోడలో పైపు లేదు, పైన ట్యాంకు లేదు, వాన పడి నెలలయింది. గీకి పుట్టీ పెట్టాను. శుక్రవారానికి తడి మూడో గాటు దాకా వచ్చింది. నీళ్లు దిగకుండా వేసే మందు తెచ్చి, సిమెంటులో కలిపి రెండు పూతలు పూశాను. శనివారానికి చివరి గాటు దాకా వచ్చి, మట్టం పెట్టి గీసినట్టు ఆగింది. గదంతా బురద వాసన. ఉషకు చెప్పాలంటే సిగ్గేసింది. గది లోపల ఆ గాట్ల కట్టెను, తడి గోడను కప్పేలా నేల దాకా ఓ కర్టెన్ వేలాడదీసి దాచేశాను.

ఆదివారం వాళ్లొచ్చారు. సందెవేళ ఉష మంచం మీద కూర్చుని పాపకు పాలిస్తోంది. నేను పక్కనే పాప బట్టలు మడతపెడుతున్నాను. కరెంటు పోయింది.

టక్.

కాసేపాగి... టక్... టక్.

"ఇనవడుతుందా మీకు?" ఉష గుసగుసగా అడిగింది.

"బల్లి కావచ్చు."

"బల్లి తలుపు కొడ్తదా?"

చప్పుడు తలుపు మీద కిందగా వస్తోంది. నా నడుం ఎత్తులో. రెక్క మెల్లగా తెరుచుకుంది. హాలులో ఎవరూ లేరు. నేల మీద ఏదో మెరిసింది... నీళ్లు. కడప ఉండాల్సిన చోటు దాటి, చల్లగా, మా గదిలోకి పాకుతున్నాయి.

ఉష నా చెయ్యి పట్టుకుంది. "కర్టెన్... కర్టెన్ చూడుండ్రి."

కర్టెన్ ఉబ్బి ఉంది. కింది నుంచి నడుం ఎత్తు దాకా. దాని వెనుక ఎవరో వీపు కట్టెకు ఆనించి, తల నిటారుగా పెట్టి నిలబడ్డట్టు. కదలడం లేదు. ఎవరో వచ్చి కొలుస్తారని ఆగినట్టు.

పాపను తీసుకుని బయటికి పోదామంటే దాని పక్క నుంచే పోవాలి. ఉష కదలనంది. అప్పుడు కడప గుర్తొచ్చింది. ఒక్క దూకులో గది దాటి, పెరట్లోంచి ముక్క లాక్కొచ్చి, హాలు వైపు కూర్చుని దాన్ని రెండు నిలువు కట్టెల మధ్య కింద ఇరికించి సుత్తితో బాదాను. వేలు చితికింది. ఆపలేదు.

కర్టెన్ చదునుగా పడిపోయింది. నీళ్లు లేవు. నేల ఆరి ఉంది. కరెంటు వచ్చింది. నేను అక్కడే కూలబడి పిచ్చివాడిలా నవ్వాను.

పర్శరాములుకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. "కడప పెట్టిన కాకా. పోయింది."

అతను మెల్లగా అడిగాడు. "నువ్వు కడప పెట్టేటప్పుడు... అది హాల్ల ఉండెనా, అర్రల ఉండెనా?"

కర్టెన్ గది లోపలి వైపు ఉంది. గాట్లు లోపలి వైపు ఉన్నాయి. ఉష, పాప కూడా లోపలే ఉన్నారు.

ఆ పూటే తాళం వేసి కొండపాక వెళ్లిపోయాం. మర్నాడు బట్టల కోసం ఒక్కడినే వచ్చాను. పాత గాట్లకు బాగా కింద, కొత్త గాటు ఒకటి ఉంది. కోసిన చోట కట్టె తెల్లగా ఉంది. కడప మీద పొట్టు రాలి ఉంది. టేపు పెట్టి కొలిచాను. యాభై ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. ఉషకు ఫోన్ చేసి పాప టీకాల కార్డులో ఎత్తు ఎంత రాశారని అడిగాను.

"యాబై ఎనిమిదిన్నర. ఎందుకడుగుతున్నరు?"

నేను చెప్పలేదు. ఇప్పటిదాకా చెప్పలేదు.

ఆ ఇంటికి ఎవరూ వెళ్లరు. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. నెలకోసారి టేపు తీసుకుని వెళ్తాను. ప్రతి నెలా ఒక కొత్త గాటు. ప్రతిదీ దవాఖాన కార్డుతో సరిపోతుంది. పాప అక్కడ లేకున్నా ఎవరో కొలుస్తున్నారని భయంతో చచ్చిపోయేవాణ్ని.

ఇప్పుడు రిషితకు పదో నెల. నిన్న మళ్లీ వెళ్లాను. కొత్త గాటు లేదు. ఫోన్ లైటు వేసి మూడుసార్లు వెతికాను. గది పొడిగా ఉంది. బురద వాసన కూడా లేదు. పీడ విరగడైందని, ఇన్ని నెలల తర్వాత మొదటిసారి హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

కొండపాకకు తిరిగి వస్తుంటే దారిలో ఉష ఫోన్ చేసింది. పాప మొదటిసారి తనంతట తానే నిలబడిందట.

"ఈడ మా అవ్వోళ్లింటి దర్వాజ కాడ నిలవడ్డది. ఈపు ఆనిచ్చి, నెత్తి నిటారుగ వెట్టి... ఎంత పిలిచినా కదుల్తలేదు. మీరు జల్ది రాండ్రి."